మూట కట్టిందెవరు?

మొబైల్ యాప్‌లు రాసి బతికే మనలాంటివాళ్ళకి వారానికొక తంతు ఉంటుంది. క్రాష్‌ల జాబితా ముందేసుకుని కూర్చోవడం. జాబితాలో పైనున్నవాటిని వెంటనే ఎవరో ఒకరి నెత్తిన వేస్తాం. కిందికి దిగేకొద్దీ ఓపిక తగ్గుతుంది. అట్టడుగున రెండో మూడో ఎప్పుడూ ఉంటాయి. అవి వారానికి ఇద్దరికో ముగ్గురికో వస్తాయి. మన బల్ల మీదున్న ఫోన్లో ఎన్ని తిప్పలు పడ్డా రావు. "మా దగ్గర రావడం లేదు" అని రాసి టికెట్ మూసేస్తాం. మూడు నెలలకి ఇంకొకరెవరో దాన్ని మళ్ళీ తెరుస్తారు.

నేను చూసినంతలో అలా అడుగున మిగిలిపోయేవాటిలో సీరియలైజేషన్‌కి సంబంధించినవి తరచు కనబడతాయి. ఈఓఎఫ్ ఎక్సెప్షన్, ఇన్వాలిడ్ క్లాస్ ఎక్సెప్షన్, బ్యాడ్ పార్సెలబుల్ ఎక్సెప్షన్... పేర్లు వేరైనా వంశం ఒకటే. ఈసారి ఆ వంశం సంగతి చూద్దాం. నా ఉదాహరణలు ఎక్కువగా ఆండ్రాయిడ్, జావాల నుంచి వస్తాయి. ఐఫోన్ మీద పనిచేసేవాళ్ళకి పేర్లు మారతాయి తప్ప కథ మారదు.

పందిరిమంచం, లారీ ప్రయాణం

సీరియలైజేషన్ అంటే ఏమిటో బాగా తెలిసినవాళ్ళు ఈ నాలుగు ముక్కలూ దాటేసి ముందుకి వెళ్ళిపోవచ్చు. ఒక ఆబ్జెక్ట్ మెమరీలో ఉన్నంతసేపూ అదొక అల్లిక. దాన్నుంచి ఇంకోదానికి, అక్కణ్ణుంచి మరోదానికి చిరునామాలు. ఈ చిరునామాలు ఆ ప్రాసెస్ బతికున్నంతవరకే పనికొస్తాయి. ఆబ్జెక్ట్‌ని ఫైల్లో దాచాలన్నా, ఇంకో ప్రాసెస్‌కి పంపాలన్నా ఆ అల్లిక విప్పి బైట్ల వరసగా పేర్చాలి. అవతలివాళ్ళు ఆ వరస చూసి మళ్ళీ అల్లుకోవాలి.

తాతల నాటి పందిరిమంచాన్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపడం చూసినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. కోళ్ళు, పట్టెలు, పందిరి గుంజలు విడదీసి, ఏది ఎక్కడిదో సుద్దముక్కతో అంకెలు వేసి, లారీ ఎక్కిస్తారు. అవతలి ఊళ్ళో వడ్రంగి ఆ అంకెలు చూసి బిగిస్తాడు. ఒక పట్టె సరిగ్గా కూర్చోకపోతే కేకలు వినబడేది అవతలి ఊళ్ళోనే. లోపం మాత్రం ఎక్కడైనా జరిగి ఉండొచ్చు. విప్పినవాడు అంకె తప్పు వేసి ఉండొచ్చు. విప్పుతుండగా పిల్లలు ఒక గుంజ పట్టుకుపోయి ఉండొచ్చు. లారీలోంచి ఒక ముక్క జారిపోయి ఉండొచ్చు. లేదా అవతలి వడ్రంగి మనసులో ఉన్నది వేరే నమూనా మంచం కావచ్చు.

స్టాక్ ట్రేస్ అనేది ఆ వడ్రంగి పెట్టిన కేక. ఏ పట్టె కూర్చోలేదో చెబుతుంది. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా విప్పారో చెప్పదు. మామూలు క్రాష్‌లో కారణం, ఫలితం చాలావరకు ఒకే ప్రాసెస్‌లో, క్షణాల తేడాలో ఉంటాయి. సీరియలైజేషన్ క్రాష్‌లో రెంటికీ మధ్య కొన్ని గంటలు ఉండొచ్చు, కొన్ని నెలలు ఉండొచ్చు, మూడు యాప్ వెర్షన్లు కూడా ఉండొచ్చు. కేక పెట్టినవాడి చుట్టూ ఎంత వెతికినా దొరకనిది అందుకే. మూట విప్పినవాణ్ణి వదిలేసి మూట కట్టినవాణ్ణి వెతకాలి. ఈ వ్యాసం మొత్తానికి నేను చెప్పదలుచుకున్న మొదటి మాట ఇది. రెండో మాట చివర్లో చెబుతాను.

నర్సుల యాప్

టెక్సాస్‌లో ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూసివచ్చే నర్సుల కోసం చేసిన ఒక యాప్ మీద కొంతకాలం పనిచేశాను. సంస్థ పేరు మనకి అక్కరలేదు. నర్సు రోగి ఇంట్లో కూర్చుని రక్తపోటు, చక్కెర, మందుల వివరాలు, గాయాల ఫొటోలు, నాలుగు మాటల నోట్సు ఆండ్రాయిడ్ ఫోన్లో ఎక్కించుకుంటుంది. చాలా ఇళ్ళలో సిగ్నల్ ఉండదు కాబట్టి అదంతా చిత్తుప్రతిగా ఫోన్లోనే ఉండి, సాయంత్రం సర్వరుకి చేరుతుంది. చిత్తుప్రతి అంటే ఒక పెద్ద జావా ఆబ్జెక్ట్. యాప్ తెరమీద ఉన్నంతసేపూ కొన్ని సెకన్లకోసారి ఒక టైమరు దాన్ని ఫైల్లోకి రాస్తుంది. తెరమీంచి తప్పుకునేటప్పుడు ఇంకోసారి రాసి, టైమరు ఆగిపోతుంది.

క్రాష్ ఈఓఎఫ్ ఎక్సెప్షన్. అంటే చదువుతుండగా ఫైలు అర్ధాంతరంగా అయిపోయింది. యాప్ మొదలవగానే చిత్తుప్రతిని చదువుతుంది గనుక, ఫైలు ఒకసారి పాడైతే యాప్ తెరిచినప్పుడల్లా కూలిపోయేది. ఆ నర్సు చెయ్యగలిగింది ఒక్కటే: యాప్ డేటా మొత్తం చెరిపెయ్యడం. చిత్తుప్రతితోపాటు ఆ రోజు చూసిన రోగుల వివరాలన్నీ పోతాయి.

నేను ఆ జట్టులో చేరేనాటికే దీనికొక "పరిష్కారం" అమల్లో ఉంది. ఫైలు చదివే చోట ఒక ట్రై-క్యాచ్ పెట్టారు. చదవడం కుదరకపోతే ఆ ఫైలు తీసేసి ఖాళీ చిత్తుప్రతితో మొదలుపెట్టడం. వారం తిరిగేసరికి ఆ క్రాష్ జాబితాలోంచి మాయమైంది. అందరూ సంతోషించారు.

ఫిర్యాదుల విభాగానికి మాత్రం ఫోన్లు రావడం మొదలైంది. మధ్యాహ్నం ఎక్కించిన వివరాలు సాయంత్రానికి లేవని. "సేవ్ చెయ్యడం మరిచిపోయారేమో" అని వాళ్ళకి జవాబు వెళ్ళేది. ఒక నర్సు అయితే, అయిదుగురు రోగుల రక్తపోటు అంకెలు గుర్తు తెచ్చుకుని తిరిగి రాయాల్సి వచ్చిందని రాసింది. ఆ అంకెలు చూసి డాక్టరు మందు మోతాదు మారుస్తాడు. అవి గుర్తు తెచ్చుకుని రాయదగ్గ అంకెలు కావు. క్రాష్ ఉన్నన్నాళ్ళూ కనీసం ఏదో పోయిందని అందరికీ తెలిసేది. ట్రై-క్యాచ్ పెట్టాక పోవడం అలాగే ఉంది, తెలియడం ఆగిపోయింది.

మూటకి చీటీ కట్టడం

అందుకని మొదట చేసిన పని ఆ తీసివేతను ఆపడం. ఫైలు చదవడానికి లొంగకపోతే దాన్ని పేరు మార్చి పక్కన పెట్టాం. ఒక కాపలా దొరికింది కదా అని సాక్ష్యాన్ని కాల్చెయ్యకూడదు. నర్సుకి కూడా "మీ చిత్తుప్రతి తెరుచుకోలేదు, దాన్ని భద్రపరిచాం" అని కనబడేలా చేశాం. ఇందులో రోగుల వివరాలు ఉంటాయి గనుక ఆ ఫైలుని మేము తెప్పించుకోలేదు. దాని గురించిన నాలుగు సంగతులు మాత్రం తెప్పించుకున్నాం.

ఆ నాలుగు సంగతులకోసం రాసే చోట ఒక చిన్న మార్పు చేశాం. ప్రతి ఫైలుకీ తల మీద ఒక చీటీ: ఏ యాప్ వెర్షన్ రాసింది, ఎప్పుడు రాసింది, టైమరు రాయించిందా లేక తెరమీంచి తప్పుకుంటూ రాసిందా, ఏ థ్రెడ్ రాసింది. రాయడం పూర్తయ్యాక తోక దగ్గర ఒక ముగింపు గుర్తు. లారీ ఎక్కించేముందు మూట మీద ఊరు, పేరు, తేదీ రాసి చివర ముడి వేసినట్టు. దీనికి ఒక రోజు పని పట్టింది. అంతకుముందు చదివే కోడ్ చుట్టూ జట్టు ఎన్ని వారాలు తిరిగిందో నాకు తెలుసు గనుక ఈ ఒక్క రోజునీ ఎవరూ లెక్కపెట్టలేదు.

రెండు వారాల్లో చీటీలు రావడం మొదలైంది. పాడైన ఫైళ్ళన్నిటినీ రాసింది ఇప్పటి వెర్షనే, కాబట్టి పాత నమూనా గొడవ కాదు. ఒక్కదానికీ ముగింపు గుర్తు లేదు, కాబట్టి అన్నీ సగంలో ఆగినవే. అన్నీ యాప్ తెరమీంచి తప్పుకునే సమయంలో రాసినవే. చదివే కోడ్ నిర్దోషి అని తేలిపోయింది.

మరి రాయడం సగంలో ఎందుకు ఆగింది? రాసే థ్రెడ్‌లో కూడా ఒక క్యాచ్ ఉంది. ఎక్సెప్షన్ వస్తే ఫోన్ లాగ్‌లో ఒక లైను రాసి ఊరుకుంటుంది. కొన్ని సెకన్లలో టైమరు మళ్ళీ రాస్తుంది కదా అన్న ధీమా. ఆ లైనుని మా దగ్గరికి వచ్చేలా చేస్తే అసలు పేరు బయటపడింది: కాన్‌కరెంట్ మోడిఫికేషన్ ఎక్సెప్షన్.

జావాలో అర్రేలిస్ట్ తనను తాను రాసుకునేటప్పుడు, రాయడం మొదలుపెట్టకముందు తన మార్పుల లెక్కని గుర్తుపెట్టుకుంటుంది. అంతా రాశాక మళ్ళీ చూసుకుంటుంది. ఈలోగా ఎవరైనా జాబితాలో ఏదైనా చేర్చినా తీసినా ఆ లెక్క మారుతుంది, ఎక్సెప్షన్ విసురుతుంది. ఇక్కడ జాబితాని మార్చిందెవరు? బ్లూటూత్ రక్తపోటు పట్టీ. నర్సు రోగి చేతికి పట్టీ చుట్టి బొత్తాం నొక్కుతుంది. అది గాలి నింపుకుని, వదిలి, అంకె చెప్పడానికి కొంత సమయం పడుతుంది. ఆ ఖాళీలో నర్సు ఊరికే కూర్చోదు. కెమెరా తెరిచి గాయం ఫొటో తీస్తుంది. కెమెరా తెరవగానే మన యాప్ తెరమీంచి తప్పుకుని చిత్తుప్రతి రాయడం మొదలుపెడుతుంది. ఫొటోల నకళ్ళు కూడా ఆ ఆబ్జెక్ట్‌లోనే ఉన్నాయి గనుక పాత ఫోన్లలో రాయడం బాగా నెమ్మది. సరిగ్గా అప్పుడే పట్టీ నుంచి అంకె వచ్చి, వేరే థ్రెడ్ మీద జాబితాలో చేరుతుంది.

అంతమాత్రాన నష్టం లేదు. మెమరీలో అసలు ఆబ్జెక్ట్ క్షేమంగానే ఉంది. నర్సు ఫొటో తీసి వెనక్కి రాగానే టైమరు మళ్ళీ మొదలై ఫైలుని సరిచేస్తుంది. కానీ ఫోన్లో మెమరీ తక్కువైతే, కెమెరా లాంటి బరువైన యాప్ తెరిచినప్పుడు ఆండ్రాయిడ్ వెనకనున్న యాప్‌లను చంపేస్తుంది. అప్పుడు మెమరీలోని ప్రతి పోయింది, ఫైల్లో ఉన్నది సగం. పైగా ఫైలుని నేరుగా తెరిచి రాస్తున్నారు. తెరవగానే అంతకుముందున్న మంచి ప్రతి చెరిగిపోతుంది.

పట్టీ, కెమెరా, చిన్న ఫోన్. మూడూ మామూలు విషయాలే. ఈ మూడూ మా ఆఫీసులో ఎన్నడూ కలవలేదు. మా బల్లల మీద పట్టీలు లేవు, ఫోన్లు కొత్తవి, ఫొటో తియ్యడానికి గాయాలూ లేవు.

సందుని తలుపంత చెయ్యడం

కారణం ఊహించడం వేరు, కళ్ళముందు చేసి చూపించడం వేరు. చాలామంది ఇక్కడ ఒకే పనిని వెయ్యిసార్లు చేసి ఒకసారైనా తగలకపోతుందా అని చూస్తారు. అదృష్టం మీద ఆధారపడ్డ పరీక్ష, బాగుచేశాక కూడా ఏమీ చెప్పలేదు. రాకపోవడం బాగుపడ్డందుకా, తగలనందుకా?

దానికన్నా ఆ సన్నటి సందుని తలుపంత వెడల్పు చెయ్యడం మేలు. పరీక్షకోసం కట్టిన యాప్‌లో, జాబితాలోని ఒక వస్తువు తనను తాను రాసుకునేటప్పుడు మూడు సెకన్లు నిద్రపోయేలా చేశాం. పట్టీ బదులు ఒక బొత్తాం. యాప్‌ని పక్కకి తప్పించి, ఆ మూడు సెకన్లలో బొత్తాం పని జరిగేలా చేసి, ఏడీబీ నుంచి ఏఎం కిల్ అన్న ఆదేశంతో ప్రాసెస్‌ని చంపడం. మళ్ళీ తెరిస్తే క్రాష్. పదిసార్లు చేస్తే పదిసార్లూ వచ్చింది.

ఇక్కడొక చిన్న సూచన. ఇటీవలి యాప్‌ల జాబితాలోంచి తోసెయ్యడం, సిస్టమ్ తనంతట తాను చంపడం ఒకటి కావు. తోసేస్తే ఆండ్రాయిడ్ దాచుకున్న తెరల స్థితి కూడా పోతుంది, యాప్ కొత్తగా మొదలవుతుంది. సిస్టమ్ చంపినప్పుడు ఆ స్థితి నిలిచి ఉండి, తిరిగొచ్చినప్పుడు దాన్ని విప్పుతారు. సీరియలైజేషన్ పరీక్షలకి కావలసింది రెండోది. ఏఎం కిల్ దానికి దగ్గరగా ఉంటుంది. వెనకనున్న యాప్‌ని మాత్రమే అది చంపుతుంది.

బాగుచెయ్యడంలో గొప్ప విద్య ఏమీ లేదు. జాబితాని మార్చే పనులన్నీ ఒకే థ్రెడ్ మీదికి తెచ్చాం. రాయాల్సి వచ్చినప్పుడు ఆ థ్రెడ్ మీదే ఒక నకలు తీసి, ఇక ఎవరూ ముట్టుకోని ఆ నకలుని వెనక థ్రెడ్‌కి ఇచ్చాం. పైపై నకలు సరిపోదు. లోపలున్న వస్తువులు కూడా మారకుండా ఉండాలి. ఫైలు రాయడం నేరుగా కాకుండా, పక్కన తాత్కాలిక ఫైల్లో రాసి, డిస్క్ మీదికి చేరిందని నిర్ధారించుకుని, అప్పుడు పేరు మార్చడం. ఆండ్రాయిడ్‌లో అటామిక్ ఫైల్ అనే క్లాస్ ఈ పని చేసిపెడుతుంది. రాయడం విఫలమైతే పాత మంచి ప్రతి చెక్కుచెదరకుండా ఉంటుంది. ఫొటోలని ఆబ్జెక్ట్‌లోంచి తీసేసి విడి ఫైళ్ళుగా పెట్టి, వాటి పేర్లు మాత్రం ఉంచాం. చీటీలు మాత్రం తియ్యలేదు.

ఇదే వంశంలో మరికొందరు

ఆండ్రాయిడ్‌లో తెరల స్థితి బండిల్ రూపంలో పార్సెల్‌లోకి వెళ్తుంది. పార్సెలబుల్ రాసేటప్పుడు ఫీల్డుల పేర్లు అందులో ఉండవు. రాసిన వరసలోనే చదవాలి. ఏదో ఒక షరతు మీద ఒక ఫీల్డు రాయకుండా వదిలేసి, చదివేటప్పుడు ఆ షరతు మరిచిపోతే అక్కణ్ణుంచి అన్నీ ఒక గడి పక్కకి జరుగుతాయి. క్రాష్ మాత్రం ఎక్కడో నాలుగు ఫీల్డుల అవతల, ఒక్కోసారి వేరే ఆబ్జెక్ట్‌లో వస్తుంది. ఫోన్ అడ్డంగా తిప్పి పరీక్షిస్తే ఇది దొరకదు. తిప్పినప్పుడు బండిల్ అదే ప్రాసెస్‌లో మెమరీలో ఉన్నది ఉన్నట్టు తిరిగొస్తుంది, మూట కట్టడం విప్పడం జరగదు. ప్రాసెస్ చచ్చి బతికితేనే జరుగుతుంది.

బండిల్ బరువుకి కూడా హద్దు ఉంది. ప్రాసెస్‌ల మధ్య రవాణా చేసే బైండర్‌కి ఒక్కో ప్రాసెస్‌లో ఉన్న స్థలం సుమారు 1 మెగాబైటు, అదీ ఆ సమయంలో నడుస్తున్న లావాదేవీలన్నిటికీ కలిపి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పెట్టె ఇచ్చినట్టు. మన ఆవకాయ సీసా ఎంత చిన్నదైనా, పక్కవాడు ఏం పెట్టాడన్నదాన్ని బట్టి పెట్టె పడుతుందో లేదో. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7కి ముందు తెరల స్థితి ఈ హద్దు దాటితే లాగ్‌లో ఒక హెచ్చరికతో సరిపెట్టేవారు. ఆ వెర్షన్‌ని లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌ల నుంచి అది నేరుగా క్రాష్ అయింది. ఆ స్టాక్ ట్రేస్‌లో మన కోడ్ ఒక్క లైను కూడా కనబడదు. చాలా జాబితాలు, చాలా తెరలు తెరిచిపెట్టుకునేవాళ్ళకే వస్తుంది.

మూడోది వెర్షన్ల తగువు. జావా సీరియలైజేషన్‌లో ప్రతి క్లాస్‌కీ సీరియల్ వెర్షన్ యూఐడీ అనే గుర్తు ఉంటుంది. మనం ఇవ్వకపోతే క్లాస్ పేరు, ఫీల్డులు, మెథడ్లు చూసి జావాయే లెక్కకడుతుంది. ఒక పబ్లిక్ మెథడ్ చేర్చినా ఆ లెక్క మారి, పాత ఫైళ్ళు ఇన్వాలిడ్ క్లాస్ ఎక్సెప్షన్‌తో కూలతాయి. విడుదల చేసేటప్పుడు ఆర్‌8 లాంటి పనిముట్లు క్లాస్ పేర్లని ఎ, బి, సి లుగా కుదిస్తాయి. ఈ విడుదలలో ఎ అయినది వచ్చే విడుదలలో బి కావచ్చు. పరీక్షించేవాళ్ళు పాతది తీసేసి కొత్తది ఎక్కించుకుంటారు గనుక వాళ్ళకి రాదు. ఏళ్ళ తరబడి అప్‌డేట్ చేసుకుంటూ వచ్చినవాళ్ళకి వస్తుంది. ఐఫోన్‌లో కూడా ఇదే ముచ్చట. స్విఫ్ట్‌లో ఎన్‌ఎస్‌కీడ్‌ఆర్కైవర్‌తో దాచిన క్లాస్ పేరులో మాడ్యూల్ పేరు కూడా కలిసి ఉంటుంది. మాడ్యూల్ పేరు మారిస్తే పాత మూటలు తెరుచుకోవు.

జావాలో ఈ సదుపాయం 1997లో 1.1 వెర్షన్‌తో వచ్చింది. చూడ్డానికి ఒక్క మాట చేర్చితే చాలు, ఆబ్జెక్ట్ మూటైపోతుంది. ఆ సులువే దాని చిక్కు. కొత్త కోడ్‌లో దాన్ని వాడొద్దని జాషువా బ్లాక్ తన "ఎఫెక్టివ్ జావా" మూడో ముద్రణలో గట్టిగానే చెప్పాడు. గూగుల్ 2008లో బయటికి వదిలిన ప్రోటోకాల్ బఫర్స్‌లో ప్రతి ఫీల్డుకీ మనమే ఒక అంకె ఇస్తాం. క్లాస్ పేరు మారినా, వరస మారినా ఆ అంకె మారదు. పందిరిమంచం మీద సుద్దముక్క అంకెలే.

తెలుగులో రాస్తేనే వచ్చే క్రాష్

ఇది మనకి దగ్గరి సంగతి. అమెరికాలో ఒక ఊరి తెలుగువాళ్ళు కొందరు, పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రాయించి దాచుకుందామని సెలవురోజుల్లో ఒక చిన్న యాప్ చేసుకున్నారు. ఇంగ్లీషులో ఎంత పొడుగు రాసినా పనిచేసింది. ఒకాయన తన చిన్నతనం, పెళ్ళి, ఉద్యోగం అన్నీ తెలుగులో ఒకే అధ్యాయంగా రాసుకుంటూ పోయారు. ఒక చోటికి వచ్చాక యాప్ ఇక ఆ అధ్యాయాన్ని దాచడం మానేసి కూలిపోవడం మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు తీసేస్తే పనిచేస్తుంది, మళ్ళీ రాస్తే కూలుతుంది. నన్ను చూడమన్నారు.

కోడ్‌లో వాడింది డేటా అవుట్‌పుట్ స్ట్రీమ్‌లోని రైట్‌యూటీఎఫ్. అది ముందు పొడుగుని 2 బైట్లలో రాస్తుంది. 2 బైట్లలో పట్టే పెద్ద అంకె 65,535. అంతకన్నా ఎక్కువ బైట్లైతే యూటీఎఫ్ డేటా ఫార్మాట్ ఎక్సెప్షన్. హద్దు అక్షరాల మీద కాదు, బైట్ల మీద. ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు. యూనికోడ్‌లో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. "అమ్మ" అనే మాటలో అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులు, 12 బైట్లు. "స్త్రీ" కంటికి ఒకే అక్షరం. లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు. ఖాళీలూ కామాలూ ఒక్కో బైటే గనుక కొంచెం అటూ ఇటూ అయినా, ఇంగ్లీషువాడికి 65,535 దగ్గరున్న గోడ తెలుగువాడికి సుమారు 21,845 గుర్తుల దగ్గరే ఉంది.

ఇది యాదృచ్ఛికం ఏమాత్రం కాదు. తెలుగులో, హిందీలో, తమిళంలో దీర్ఘంగా రాసే ప్రతివాళ్ళకీ తప్పకుండా వస్తుంది. ఇంగ్లీషులో పరీక్షించేవాళ్ళకి దాదాపు ఎప్పటికీ రాదు. పరిష్కారం చిన్నది: మాటని బైట్లుగా మార్చి, పొడుగుని 4 బైట్లలో రాసి, తరవాత ఆ బైట్లు రాయడం. పెద్దాయన అధ్యాయం పూర్తిచేశారు.

అరుదు అంటే ఎవరికి?

ఇక రెండో మాట. పైన చెప్పిన వాటన్నిటినీ వరసగా పెట్టి చూడండి. క్రాష్ ఎవరికి వచ్చింది? పట్టీ వాడుతూ, ఫొటోలు తీస్తూ, ఎక్కువ వివరాలు రాసే, పాత ఫోన్ ఉన్న నర్సుకి. ఏళ్ళుగా యాప్ తీసెయ్యకుండా ఉంచుకున్నవాళ్ళకి. తెలుగులో పొడుగ్గా రాసిన పెద్దాయనకి. మన జాబితాలో "వెయ్యిమందిలో ఒకరికి" అని కనబడేది అందరికీ సమానంగా పంచిన దురదృష్టం కాదు. ఆ ఒక్కరికీ అది రోజూ వస్తోంది, మిగిలినవాళ్ళకి ఎప్పుడూ రాదు. మన యాప్‌ని అందరికన్నా ఎక్కువగా నమ్ముకున్నవాళ్ళు, చేతిలో మంచి ఫోన్ లేనివాళ్ళు, మన భాషలో రాసేవాళ్ళు ఆ సగటు వెనక దాక్కుని ఉంటారు.

గూగుల్ ప్లే కూడా ఈ సంగతి కొంత గుర్తించింది. వాడేవాళ్ళకి కనబడే క్రాష్‌లు రోజువారీ వాడకందార్లలో 1.09 శాతం దాటితే యాప్ నాణ్యత తక్కువని లెక్కిస్తూనే, ఒక్కో ఫోన్ మోడల్‌కి విడిగా 8 శాతం హద్దు కూడా పెట్టింది. మొత్తం మీద బాగున్న యాప్ ఒక మోడల్ వాళ్ళకి నరకం కావచ్చునన్నమాట. ఇలాగే మీరు కూడా భాషని బట్టి, చిత్తుప్రతి పరిమాణాన్ని బట్టి, యాప్ ఎప్పుడు ఎక్కించుకున్నారన్నదాన్ని బట్టి జాబితాని విడదీసి చూస్తే అడుగునున్న ఆ రెండు మూడూ వేరేలా కనిపిస్తాయి.

ఈసారి అలాంటి క్రాష్ మీ నెత్తిన పడితే వరసగా చెయ్యదగ్గవి ఇవి. చదివే చోట క్యాచ్ పెట్టి సరిపెట్టకండి. పెట్టినా, పాడైన మూటని పారెయ్యకుండా పక్కన పెట్టండి, వాడేవాళ్ళకి చెప్పండి. మూటకి చీటీ కట్టండి: ఎవరు, ఎప్పుడు, ఏ వెర్షన్, పూర్తయిందా. వచ్చిన చీటీల్లో అందరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడండి. ఆ పరిస్థితిని మీ బల్ల మీద కావాలని సృష్టించండి. పాత వెర్షన్ రాసిన ఫైళ్ళు కొన్ని దాచి, ప్రతి విడుదలకీ ముందు కొత్త కోడ్ చేత చదివించండి. పరీక్షల్లో కనీసం ఒక పొడుగాటి తెలుగు వ్యాసం పెట్టండి.

దానికి వేరే వెతుక్కోనక్కరలేదు. ఈ వ్యాసమే వాడుకోండి. కాపీ చేసి నాలుగుసార్లు అతికిస్తే 65,535 బైట్లు తేలిగ్గా దాటుతుంది.